ఉత్త ఫ్రేము నుంచి సైకిలు బిగించడం ఎలా

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పర్లాకిమిడిలో మా రేకుల షెడ్డు కూలింది. నాన్నగారి అట్లాస్ సైకిలు దాని కింద పడింది. చక్రాలు అప్పడాల్లా వంగిపోయాయి. చైను కవరూ మడ్గార్డులూ పనికిరాకుండా పోయాయి. మిగతాదంతా పాత ఇనుము కొట్టుకి వేసేసినా ఫ్రేమునీ, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కునీ మాత్రం ఆయన పారేయనివ్వలేదు. "దీనికేటి కాలేదురా, ఉండనీ" అన్నారు. అప్పట్నుంచీ అది పెరట్లో వేపచెట్టుకి ఆనుకునే ఉంది. మొన్న వేసవిలో మా మేనల్లుడు సెలవులకొచ్చి దాన్ని చూసి, "మావయ్యా, దీన్ని మళ్ళీ సైకిలు చెయ్యొచ్చా?" అని అడిగాడు. చెయ్యొచ్చు. ఇద్దరికీ రెండు వారాల సాయంత్రాలు పట్టింది. ఎలా చేశామో, ఎక్కడ తప్పులు పోయామో వివరంగా రాస్తున్నాను. మీ దగ్గరా ఇలాంటి ఫ్రేము ఏదైనా ఉంటే పనికొస్తుంది.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. సామానంతా విడివిడిగా కొత్తది కొంటే ఖర్చు కొత్త సైకిలు ధరకి దగ్గరగానే వస్తుంది. మిగలబెట్టడానికైతే ఈ పని పెట్టుకోకండి. ఫ్రేము మీద మమకారం ఉన్నా, మీ ఊరి రోడ్డుకి తగ్గ గేరూ చక్రాలూ మీరే ఎంచుకోవాలనుకున్నా, పంక్చరుకి తప్ప మళ్ళీ షాపు మొహం చూడకూడదనుకున్నా పెట్టుకోండి.

నేను చెప్పేది 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు ఉండే నల్ల సైకిలు గురించి. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, 1956లో లుధియానాలో మొదలైన హీరో, మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ వాళ్ళ హెర్క్యులస్, అన్నీ పాత ఇంగ్లీషు సైకిలు కొలతల మీదే నడిచాయి. కాబట్టి ఒకదాని సామాను చాలావరకు ఇంకోదానికి పడుతుంది. అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. అయినా అట్లాస్ ఫ్రేముకి సామాను దొరక్క ఆగిపోవడం అనేది ఉండదు. బరంపురంలో పెద్ద కొట్లున్నాయి. మాకైతే మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రలోని పాతపట్నం. ఇవతల బోర్డులు ఒడియాలో, అవతల తెలుగులో ఉంటాయి గానీ కొట్లో బేరం మాత్రం రెండుచోట్లా ఒకే భాషలో సాగుతుంది.

ఫ్రేము పనికొస్తుందా

రంగూ తుప్పూ చూసి భయపడకండి. చూడాల్సింది వంకర, పగులు. గొట్టాలు కలిసే చోట్లు, ముఖ్యంగా హ్యాండిల్ దిగే తల గొట్టం కిందా, పెడళ్ళ ఇరుసు కూర్చునే బీబీ గొట్టం చుట్టూ గుడ్డతో తుడిచి, వెలుతురులో వేలితో తడిమి చూడండి. వెంట్రుకంత గీత కనిపించి అందులోంచి తుప్పు మరక కారుతుంటే అది పగులే. వెల్డింగు పెట్టించి తొక్కొచ్చు గానీ నేనైతే ఆ ఫ్రేముని వదిలేస్తాను.

వంకర చూడటానికి ఒక దారం చాలు. వెనక చక్రం కూర్చునే ఒక చెవికి దారం కట్టి, ముందుకి తెచ్చి తల గొట్టం చుట్టూ తిప్పి, మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళి రెండో చెవికి బిగుతుగా కట్టండి. సీటు గొట్టం దగ్గర దారానికీ గొట్టానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో రెండు పక్కలా స్కేలుతో కొలవండి. రెండూ సమానంగా ఉంటే వెనక భాగం నిటారుగా ఉన్నట్టు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా పెద్ద లెక్కలోది కాదు. మా ఫ్రేముకి 3 మిల్లీమీటర్లు వచ్చింది. ఇనుము కాబట్టి మేస్త్రీ కర్ర పెట్టి ఒక్క లాగు లాగాడు, సరిపోయింది.

పాత ఇనుము కొట్లో ఫ్రేము కొంటున్నారా? బీబీ గొట్టం కిందో సీటు గొట్టం మీదో నంబరు కొట్టి ఉంటుంది. దాన్ని అరగదీసి ఉంటే కొనకండి. ఉంటే ఆ నంబరు వేసి చిన్న చీటీ రాయించుకోండి. ఎవరి సైకిలో తెలీకుండా ఇంటికి తెచ్చుకుని తర్వాత మాట పడటం ఎందుకు?

పాత సామాను ఊడదీయడం, నేను చేసిన పొరపాటు

మా ఫ్రేములో పెడళ్ళ ఇరుసుని పట్టి ఉంచే పాత బీబీ కప్పులు ఇంకా ఉన్నాయి. ఎడమ కప్పు తేలిగ్గానే వచ్చింది. చైను పక్క కప్పు కదల్లేదు. కిరసనాయిలు పోసి ఒక రాత్రి ఉంచాను. పొద్దున్నే పైపు రించి పెట్టి, మామూలు నట్టు విప్పినట్టే, ఎడమకి బలంకొద్దీ లాగాను. రించి జారి చెయ్యి గోడకి కొట్టుకుంది. కప్పు అంచు చెక్కుకుపోయింది గానీ అంగుళం కూడా కదల్లేదు.

బజార్లో మాకు తెలిసిన ఒడియా మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ భాయినా అంటారు. ఫ్రేము చూడగానే నవ్వాడు. "అటు తిప్పితే ఇంకా బిగుస్తాది బాబూ. ఇది ఎదురు మర."

అదే అసలు సంగతి. చైను పక్క కప్పుకి మర తిరగబడి ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది, ఎదురు తిప్పితే బిగుస్తుంది. ఎడమ పక్క కప్పుది మామూలు మరే. పెడళ్ళకొచ్చేసరికి ఇది తారుమారు: ఎడమ పెడల్‌కి ఎదురు మర, కుడి పెడల్‌కి మామూలు మర. దీన్ని గోడ మీద రాసిపెట్టుకున్నా తప్పులేదు.

మొండికేసిన కప్పు ఎలా తీయాలో కూడా ఆయనే చూపించాడు. మందపాటి బోల్టు ఒకటి, నాలుగు వాషర్లు, ఒక నట్టు కావాలి. బోల్టు తల బీబీ గొట్టం లోపలికి వచ్చేలా కప్పు కన్నంలోంచి బయటికి తోసి, రెండు పక్కలా వాషర్లు వేసి, బయట నట్టు గట్టిగా బిగించాలి. కప్పు ఆ రెండు వాషర్ల మధ్య నొక్కుకుపోతుంది. ఇప్పుడు పొడవాటి పానాతో ఆ నట్టునే ఇంకా బిగించే వైపు, అంటే గడియారం ముల్లు వైపు తిప్పుతూ పోవాలి. ఎంత తిప్పితే అంత పట్టు. చివరికి నట్టుతోపాటు కప్పు కూడా తిరగడం మొదలవుతుంది. మాది కిర్రుమంటూ పావు చుట్టు తిరిగింది. మర సందులోంచి ఎర్రటి తుప్పు పొడి రాలింది. తర్వాత చేత్తోనే వచ్చేసింది.

రంగు

దీని గురించి ఎక్కువ చెప్పను. ఉప్పు కాగితంతో తుప్పు గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఎండిన తర్వాత రెడ్ ఆక్సైడు ఒక పూత, దానిమీద ఎనామెల్ రెండు పల్చటి పూతలు. మా వైపు ఆషాఢం దాటితే గాల్లో తడి పోదు, రంగు మెరుపు రాదు. వేసవిలోనే కానివ్వండి. బీబీ గొట్టంలో మరలకీ ఫోర్కు పైన మరలకీ రంగు అంటకుండా గుడ్డ కుక్కి, కాగితం చుట్టండి. రంగు ఆరాక గొట్టాల లోపల కాస్త పాత ఇంజిను ఆయిలు పోసి, ఫ్రేముని అటూ ఇటూ తిప్పి, మిగిలింది పారబోయండి. తుపాన్ల దేశంలో తుప్పు లోపలినుంచే తినేస్తుంది. బయటి రంగు కంటే ఈ పనే ముఖ్యం.

కొనాల్సినవి

ఒకే సూత్రం: పాత ముక్క చేత్తో పట్టుకెళ్ళి దానికి సరిపోయేదే తెచ్చుకోండి. నోటితో కొలత చెబితే కొట్టువాడు తన దగ్గరున్నదే ఇస్తాడు. క్రాంకుల్ని, అంటే పెడల్ చేతుల్ని, ఇరుసుకి పట్టి ఉంచే కాటరు పిన్నులూ సీటు రాడ్డూ చూడటానికి ఒకేలా ఉండి అరమిల్లీమీటరు తేడాతో వస్తాయి. పాత ముక్క లేకపోతే ఫ్రేమునే తీసుకెళ్ళండి, సిగ్గేం లేదు.

టైరు దగ్గర మాత్రం జాగ్రత్త. మనకి కావాల్సింది 28 x 1½. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 40-635 అని ఉంటుంది. ఈమధ్య సన్నటి కొత్త సైకిళ్ళకి వస్తున్న 700 సీ టైర్లని కూడా కొన్ని కొట్లలో 28 అంటున్నారు. వాటి మీద 622 అని ఉంటుంది. ఆ టైరు మన రిమ్ము మీదికి ఎక్కదు. 28 అన్న మాట నమ్మకండి, 635 అన్న అంకె చూడండి.

గేరు విషయం కూడా కొట్లో ఉండగానే తేల్చుకోవాలి. మాది పెడళ్ళ దగ్గర 44 పళ్ళ చైన్ వీలు. వెనక 18 పళ్ళ ఫ్రీవీలు వేస్తే పెడల్ ఒక చుట్టుకి చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది, సుమారు 5.4 మీటర్లు ముందుకి వెళ్తుంది. పాతపట్నం దాకా చదునే కాబట్టి 18 చాలు. మీది మహేంద్రగిరి వైపో ఆర్. ఉదయగిరి వైపో ఎత్తుపల్లాల దారైతే 22 అడగండి. చుట్టుకి 4.4 మీటర్లే వస్తుంది గానీ మోకాళ్ళు మిగులుతాయి. ఘాటీ దిగాలంటే మాత్రం కడ్డీ బ్రేకుని నమ్ముకోవద్దు. వానలో తడిసిన ఇనప రిమ్ము మీద అది పట్టేసరికి మలుపు వచ్చేస్తుంది. దిగి నడిపించుకురండి.

పనిముట్లలో సైకిలు పానాలు, సుత్తి, ఆకురాయి, స్క్రూడ్రైవరు, పుల్లలు బిగించే నిపిల్ కీ ఉండాలి. గ్రీజు ఒక డబ్బా. బేరింగు బాల్సు నాలుగైదు ఎక్కువే తెచ్చుకోండి. దొర్లి మంచం కింద దాక్కోవడం వాటి స్వభావం.

తల, ఫోర్కు

తల గొట్టానికి పైనా కిందా కప్పులు దింపాలి. చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టొచ్చు. కాకపోతే ఒకే పక్క కొడితే కప్పు వాలుతుంది, చుట్టూ తిప్పుతూ కొద్దికొద్దిగా కొట్టాలి. ఇంతకంటే మంచి దారి ఉంది: పొడవాటి మరకడ్డీ గొట్టంలోంచి దూర్చి, రెండు చివర్లా మందపాటి వాషర్లు, నట్లు వేసి బిగించుకుంటూ పోతే రెండు కప్పులూ నిటారుగా కూర్చుంటాయి. ఫోర్కు మొదట్లో కూర్చునే రింగుని సరిపోయే గొట్టం ముక్కతో దింపండి.

ఫ్రేముని తలకిందులు చేసి, కింది కప్పులో గ్రీజు దట్టంగా పూసి బాల్సు పేర్చండి. ఇక్కడ సాధారణంగా 5/32 అంగుళం బాల్సు పడతాయి, మీ పాత బాలుతో పోల్చి చూసుకోండి. ఏ కప్పుకైనా లెక్క ఒకటే: నిండా పేర్చి ఒకటి తీసేయాలి. కిక్కిరిసిపోతే తిరగవు. ఫోర్కు దూర్చి, అలాగే పట్టుకుని ఫ్రేముని తిరగేసి, పై కప్పులో బాల్సు పేర్చి, పై మర కప్పుని చేత్తోనే దింపండి. తర్వాత లైటు క్లిప్పు వాషరు, దానిమీద లాక్ నట్టు.

ఎంత బిగించాలి అన్నదే ఇక్కడ్నుంచి చివరిదాకా మన ప్రశ్న. ఫోర్కు కాళ్ళు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టకటక శబ్దం రాకూడదు. ఫ్రేముని పక్కకి వంచితే ఫోర్కు తన బరువుకి తనే తిరిగి పడాలి. ఈ రెండూ ఒకేసారి కుదరాలి. లాక్ నట్టు బిగించినప్పుడు కింద కప్పు కూడా కాస్త తిరిగి మీరు పెట్టిన లెక్క తప్పుతుంది. అందుకే లాక్ నట్టు బిగించాక మళ్ళీ చూడాలి. మాకు మూడుసార్లు పట్టింది.

బీబీ, క్రాంకులు

చైను పక్క కప్పుని, ఎదురు మర గుర్తుంది కదా, ఈసారి గడియారానికి ఎదురు తిప్పుతూ చివరిదాకా బిగించండి. దీన్ని మాత్రం మొహమాటం లేకుండా బిగించాలి, వదులైతే దారిలో విప్పుకుంటుంది. మరలకి గ్రీజు పూసి ఎక్కిస్తే పదేళ్ళ తర్వాత విప్పేవాడు మిమ్మల్ని తిట్టుకోడు.

ఇందులో 1/4 అంగుళం బాల్సు, పక్కకి 11. ఇరుసుకి ఒక కొన కాస్త పొడుగ్గా ఉంటుంది, అది చైను పక్కకి రావాలి. ఎడమ కప్పు, దాని రింగు పెట్టి, మళ్ళీ అదే పరీక్ష: ఊపితే ఆడకూడదు, వేళ్ళతో తిప్పితే వెన్నలో తిరిగినట్టు తిరగాలి. ఇసుక నలిగినట్టు అనిపిస్తే బిగువు ఎక్కువైనట్టు, లేదా బాల్సు మధ్య చెత్త పడినట్టు.

క్రాంకుల దగ్గర చాలామంది చేసే తప్పు, కాటరు పిన్నుని దాని నట్టుతో లాగి బిగించడం. ఆ చిన్న మర అంత బలానికి ఆగదు, తెగిపోతుంది. పిన్నుని సుత్తితో దింపాలి, నట్టు ఉన్నది అది వెనక్కి రాకుండా పట్టుకోవడానికి. పిన్నుకి ఒక పక్క ఏటవాలుగా చదును ఉంటుంది. అది ఇరుసు మీది గాడికి పూర్తిగా ఆనాలి. కొత్త పిన్ను సరిగ్గా ఆనకపోతే ఆకురాయితో రెండు మూడు గీతలు రుద్ది చూస్తూ ఉండండి. చదును చదునుగానే ఉండాలి, గుండ్రం తిరిగితే పిన్ను పోయినట్టే.

కొట్టేటప్పుడు క్రాంకు కింద ఇనప గొట్టం ముక్క నేలకి ఆనించి నిలబెట్టండి. పిన్ను మర కొన ఆ గొట్టం బోలులోకి రావాలి. ఇలా ఆసరా లేకుండా కొడితే దెబ్బంతా బాల్సు మీదికి పోయి కప్పుల్లో గుంటలు పడతాయి. రెండు పిన్నులూ ఎదురుబొదురు దిశల్లో వెళ్ళాలి. రెండూ ఒకే వైపు నుంచి దూరిస్తే ఒక క్రాంకు పైకి, ఒకటి వంకరగా చూస్తుంది. మా వాడు మొదట అలాగే పెట్టి, "మావయ్యా, ఈ సైకిలు కుంటుతోంది" అన్నాడు.

72 పుల్లలు

అసలు పని ఇది. రిమ్ములు, చక్రం నడుమ ఇరుసు కూర్చునే హబ్బులు, పుల్లలు విడిగా కొంటే చక్రం మీరే అల్లుకోవాలి. షాపులో అల్లించుకోవచ్చు, తప్పేం లేదు, ఖర్చూ తక్కువే. కానీ నేర్చుకోదగ్గ పని మొత్తంలో ఇదొక్కటే అని నాకనిపిస్తుంది. మిగతాదంతా బిగించడమే.

ముందు చక్రానికి 32 కన్నాలు, వెనక దానికి 40. మనిషి బరువూ క్యారియరు మీద బస్తా బరువూ వెనకే పడతాయి కాబట్టి ఇంగ్లీషు వాళ్ళు పెట్టిన లెక్క అది. హబ్బూ రిమ్మూ ఒకే అంకెవి కొనాలి. పుల్ల పొడవు హబ్బుని బట్టి మారుతుంది. ముందుదీ వెనకదీ కూడా తేడా ఉండొచ్చు. హబ్బునీ రిమ్మునీ కొట్లోనే చేతిలో పెట్టి పుల్లలు అడగండి. మొదటిసారి చేస్తుంటే వీధిలో ఎవరిదైనా మంచి సైకిలు పక్కన నిలబెట్టుకోండి. మాటల్లో అర్థంకానిది దాన్ని చూస్తే అర్థమవుతుంది.

ముందు చక్రంతో మొదలుపెట్టండి. హబ్బుకి రెండు పక్కలా పుల్లలు దూర్చే గుండ్రటి అంచులు ఉంటాయి, వాటినే ఫ్లాంజిలంటారు, ఒక్కోదానికి 16 కన్నాలు. కుడి ఫ్లాంజిలో కన్నం విడిచి కన్నంలో బయటినుంచి లోపలికి 8 పుల్లలు జార్చండి. మొదటి పుల్లని రిమ్ములో వాల్వు కన్నం పక్కనున్న కన్నంలో పెట్టి, దాని కొనకి బిగించే చిన్న నట్టుని, అంటే నిపిల్‌ని, రెండు చుట్లే తిప్పండి. అక్కణ్ణుంచి మూడు కన్నాలు వదిలి నాలుగోదాంట్లో రెండోది. ఇలా చుట్టూ 8.

చక్రం తిరగేయండి. ఎడమ ఫ్లాంజి కన్నాలు కుడివాటికి సరిగ్గా ఎదురుగా ఉండవు, సందుల్లో పడతాయి. మొదటి పుల్ల పక్కనే, దాన్ని దాటకుండా సాగే కన్నం ఎంచుకుని, రిమ్ములో దాని పక్క కన్నంలోనే పెట్టండి. తర్వాత మళ్ళీ మూడేసి వదులుతూ 8. ఇప్పుడు 16 పుల్లలు జంటజంటలుగా కనిపిస్తాయి.

ఇక హబ్బుని చేత్తో పట్టుకుని మెలితిప్పండి. వాల్వు కన్నం పక్కనున్న మొదటి పుల్ల వాల్వుకి దూరంగా వాలాలి. అటు కాక ఇటు తిప్పితే రేపు గాలి కొట్టేటప్పుడు పంపు పట్టదు. మిగిలిన పుల్లల్ని ఇప్పుడు లోపలినుంచి బయటికి దూర్చాలి. కుడి ఫ్లాంజి పుల్ల ఎదురు దిశలో సాగుతూ, అదే ఫ్లాంజి నుంచి వచ్చిన మూడు పుల్లల్ని దాటాలి. మొదటి రెండింటికీ బయటినుంచి, మూడోదానికి లోపలినుంచి. బుట్ట అల్లినట్టే. ఆ మూడోదాని కింద దూర్చేటప్పుడు పుల్ల కొంచెం వంగుతుంది, భయపడకండి. రిమ్ములో కుడివైపు పుల్లల మధ్య ఉన్న మూడు కన్నాల్లో నడిమి కన్నం దానిది. ఎడమ పక్కా ఇంతే. వెనక చక్రానికి పక్కకి 20 పుల్లలు, దాటాల్సినవి నాలుగు: మూడు బయటినుంచి, నాలుగోది లోపలినుంచి.

అల్లిక అయ్యాక అన్ని నిపిళ్ళనీ ఒకే స్థాయికి, పుల్ల మర కనిపించీ కనిపించకుండా ఉండేదాకా తెండి. ఇక్కడ సమానంగా పెట్టకపోతే తర్వాత ఎంత తిప్పినా కుదరదు. ఆపైన అన్నిటికీ అరచుట్టు చొప్పున బిగిస్తూ వెళ్ళండి.

అప్పుడు బెండు తీయడం. ఫోర్కులో చక్రం పెట్టి, ఫోర్కు కాలికి సుద్దముక్క ఆనించి చక్రం తిప్పండి. ముందు ఎత్తుపల్లం చూసుకోవాలి. రిమ్ము ఉబ్బిన చోట రెండు పక్కల పుల్లలూ బిగిస్తే లోపలికి వస్తుంది. తర్వాత పక్క వంపు. రిమ్ము ఎడమకి పోతుంటే, అక్కడ కుడి ఫ్లాంజి పుల్లలు పావుచుట్టు బిగించి, ఎడమవి పావుచుట్టు వదలండి. పావుచుట్టే. అరచుట్టు తిప్పారంటే ఇక్కడి వంపు పోయి పక్క గదిలోకి వెళ్తుంది.

తిప్పే దిశ దగ్గర అందరూ తికమకపడతారు. టైరు కూర్చునే వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు వైపు తిప్పడం బిగించడం. అదే నిపిల్‌ని హబ్బు వైపు నుంచి చూస్తుంటే అది తిరగబడి కనిపిస్తుంది. నేను ఒక సాయంత్రం అంతా ఇదే తప్పుతో, బెండు తీస్తున్నాననుకుంటూ బెండు పెంచాను.

మధ్యమధ్య చక్రాన్ని ఒళ్ళో పడుకోబెట్టి, పక్కపక్క పుల్లల్ని జంటగా గుప్పిట పట్టి గట్టిగా నొక్కండి. టింగుమని శబ్దాలు వస్తాయి. మెలితిరిగిన పుల్లలు సర్దుకుంటున్నాయన్నమాట. ఇలా చెయ్యకపోతే మొదటి గుంటలోనే అన్నీ ఒక్కసారి సర్దుకుని బెండు తిరిగొస్తుంది. చివర్లో ఒక్కో పుల్లనీ గోటితో మీటండి. ఒకే పక్కవి దాదాపు ఒకే స్వరం పలకాలి. ఒకటి మొద్దుగా పలికితే అది వదులు. చక్రాన్ని తీసి కుడి ఎడమ మార్చి మళ్ళీ ఫోర్కులో పెట్టండి. రెండుసార్లూ రిమ్ము మధ్యలోనే ఉంటే పని అయినట్టు.

హబ్బుల్లో బాల్సు ముందు 3/16 పక్కకి 10, వెనక 1/4 పక్కకి 9. బాల్సుని నొక్కి పట్టే కోను బిగువు సరిగ్గా ఉందో లేదో చక్రమే చెబుతుంది. చక్రం ఎత్తిపట్టుకుని వాల్వు పక్కకి వచ్చేలా ఆపి వదిలేయండి. వాల్వు బరువుకే చక్రం నెమ్మదిగా కిందికి దిగి, అవతలి పక్కకి కాస్త ఎక్కి, మళ్ళీ వెనక్కి ఊగి, ఉయ్యాల ఆగినట్టు ఆగాలి. మా ముందు చక్రం అలా ఊగుతుంటే మావాడు ఫోను పక్కన పడేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

టైరు, చైను, బ్రేకు

ట్యూబు ఎక్కించే ముందు రిమ్ము లోపల పట్టీ వేయడం మర్చిపోవద్దు. నిపిళ్ళ కొనలు బయటికి పొడుచుకొస్తే ఆకురాయితో రుద్దేయండి. వాల్వుకి తొడిగే సన్న రబ్బరు గొట్టం, వాల్‌ట్యూబు, కొత్తది వేయండి. ఎండకి పగిలిన రబ్బరుతో గాలి నిలవక పంక్చరనుకుని ట్యూబంతా నీళ్ళలో ముంచి వెతికినవాళ్ళని చూశాను.

ఫ్రీవీలు మరలకి గ్రీజు పూసి చేత్తో తిప్పితే చాలు, తొక్కేకొద్దీ అదే బిగుస్తుంది. చైను ½ x 1/8ది. చక్రాన్ని చెవుల్లో మధ్యకి పెట్టి చైను చుట్టి, ఎక్కువైన లింకులు తీయించండి. లింకు క్లిప్పు మూసిన పక్క చైను వెళ్ళే దిశలో ఉండాలి. తెరిచిన కొస ముందుకుంటే ఎక్కడో తగిలి ఊడుతుంది. చక్రం వెనక్కి లాగి, చైను మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరుకి కాస్త పైన కదిలేలా నట్లు బిగించండి. ఒకేచోట చూసి వదిలేయకండి. చైన్ వీలు కాస్త గుండ్రం తప్పి ఉంటుంది, పెడల్ తిప్పుతూ ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో అక్కడ చూడాలి.

కడ్డీ బ్రేకులు చక్రం బెండు పూర్తిగా పోయాకే పెట్టాలి. లేకపోతే ఒకచోట రాసుకుంటూ ఒకచోట అందకుండా ఉంటాయి. రబ్బర్లు రిమ్ముకి సుమారు 3 మిల్లీమీటర్ల కింద ఉండాలి. రెండు రబ్బర్లూ ఒకేసారి తాకాలి. కడ్డీల పొడవు వాటి నట్ల దగ్గర సర్దుకోవచ్చు. హ్యాండిల్ కాడ ఫోర్కులోకి కనీసం రెండున్నర అంగుళాలు దిగేలా చూసుకుని బోల్టు బిగించండి. పొడుగ్గా ఉండాలని పైకి లాగేస్తే గుంటలో పడ్డప్పుడు హ్యాండిల్ చేతిలోకి వస్తుంది. మడ్గార్డులు, క్యారియరు, స్టాండు, బెల్లు మీకే తెలుస్తాయి. మడ్గార్డు నట్ల కింద వాషర్లు వేయండి, గలగలలాడదు.

మొదటి కిలోమీటర్లు

ఎక్కేముందు ఇరుసు నట్లు, హ్యాండిల్ బోల్టు, సీటు బోల్టు, కాటరు నట్లు ఒకసారి చేత్తో చూడండి. మేం మొదటిరోజు మహేంద్రతనయ వంతెన దాకా వెళ్ళొచ్చాం. ఎడమ పెడల్ తొక్కినప్పుడల్లా కటుక్కుమని ఒక శబ్దం. ఇంటికొచ్చి గొట్టం ఆసరా పెట్టి ఎడమ కాటరు పిన్నుని రెండు దెబ్బలు వేస్తే ఇంకొంచెం దిగింది, నట్టు అరచుట్టు బిగిసింది. కొత్త పిన్ను ఇరుసు గాడిలో సర్దుకోవడానికి ఆ మాత్రం తొక్కుడు కావాలి. రెండోరోజు పావుచుట్టు. మూడోరోజు పానా పెడితే కదల్లేదు.

వారం తర్వాత పుల్లలు మళ్ళీ మీటి చూశాం. వెనక చక్రంలో రెండు మొద్దుబారాయి, పావుచుట్టు చొప్పున తిప్పాం. అప్పుడు చైను కవరు తగిలించాం.

సెలవులు అయ్యాక మావాడు వెళ్ళిపోయాడు. సైకిలు నాన్నగారు తీసుకున్నారు. సీటు మాత్రం రెండు అంగుళాలు దింపమన్నారు.